లేని ఇంటికి రాత్రి చుట్టాలు: బోర్లీ గొడవకు మూలం 1937

అక్టోబరు నెలాఖరు దగ్గరపడితే చాలు, ఇంగ్లండ్‌లో ఎసెక్స్ కౌంటీ అంచున ఉన్న బోర్లీ అనే చిన్న పల్లె మళ్లీ నోళ్లలో నానుతుంది. టార్చిలైట్లు, కెమెరాలతో అర్ధరాత్రి దిగే దెయ్యాల వేటగాళ్లు ఒకవైపు. ఇరుకు రోడ్డు మీద కార్లు, సమాధుల మధ్య అడుగులు, నిద్రపట్టనివ్వని కబుర్లు ఎన్నాళ్లు భరించాలని అడిగే ఊరివాళ్లు మరోవైపు. ఇంతాచేసి వాళ్లు వెతికే పాదిరీ బంగళా అక్కడ లేనేలేదు. 1939లో కాలింది, 1944లో కూల్చేశారు. ఆ స్థలంలో ఇప్పుడు మామూలు కుటుంబాలు కాపురముంటున్నాయి. చేసేది లేక వచ్చినవాళ్లంతా రోడ్డుకు అవతల ఉన్న పాత చర్చి మీద పడుతున్నారు.

ప్రేమించి పారిపోబోయిన సన్యాసినిని గోడలో పెట్టి కట్టేశారన్న కథ, 1900 జూలై 28 సాయంత్రం పాదిరీ బుల్ గారి కూతుళ్లకు తోటలో ఆమె కనిపించిందన్న కథ చాలామంది విన్నవే. వాటి ప్రకారం అక్కడొక మఠం ఉండాలి. అలాంటి మఠం ఉన్నట్టు చారిత్రక ఆధారమేదీ లేదు. 1929 జూన్‌లో అప్పటి పాదిరీ స్మిత్, ఆయన భార్య ఇంట్లో చప్పుళ్ల గురించి డైలీ మిర్రర్ పత్రికకు రాశారు. పత్రిక విలేకరిని పంపింది, వెనకాలే దెయ్యాల పరిశోధకుడు హ్యారీ ప్రైస్‌ను పంపింది. వార్త పడ్డాక బస్సులు కట్టుకుని జనం వచ్చారు. స్మిత్ దంపతులు కోరింది సాయం, వచ్చింది తిరునాళ్ల జనం. నెల తిరగ్గానే వాళ్లు ఇల్లు వదిలేశారు. ప్రైస్ అడుగుపెట్టాకే రాళ్లు, వస్తువులు ఎగరడం మొదలైందని శ్రీమతి స్మిత్ తర్వాతి కాలంలో ఆయన్నే అనుమానించారు.

ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే మాత్రం చూడాల్సింది 1937. అప్పటిదాకా దెయ్యం కథలు ఎక్కువగా ఆ ఇంట్లో ఉన్నవాళ్లు చెప్పినవే. పాదిరీలు ఖాళీ చేసిన బంగళాను ఆ మే నెలలో ప్రైస్ ఏడాదికి అద్దెకు తీసుకుని, 25న టైమ్స్ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. తీరిక, తెలివి, ధైర్యం ఉన్నవాళ్లు కావాలి. ఇల్లు మారుమూల పల్లెలో ఉంది కనుక సొంత కారు తప్పనిసరి. వచ్చినవాళ్లలోంచి 48 మందిని ఎంచి, వంతులవారీగా కాపలా పెట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు సొంత కార్లలో వచ్చి బోర్లీలో రాత్రి గడిపే పద్ధతికి పునాది అదే.

వాళ్ల చేతికిచ్చిన నీలి అట్ట పుస్తకం చూస్తే పని ఎలా సాగిందో తెలుస్తుంది. రాగానే ఇల్లంతా గాలించాలి, తలుపులు కిటికీలు బిగించి అవసరమైతే సీలు వేయాలి. కదిలే వస్తువు చుట్టూ సుద్దముక్కతో గీత గీయాలి. గదులన్నీ తరచూ తిరిగి చూడాలి. దెయ్యం తిరుగుతుందని పేరుపడ్డ ‘నీలి గది’లో కటిక చీకట్లో అరగంట కూర్చోవాలి. గంట మోగితే అది ఏ గంటో, ఎంతసేపు మోగిందో రాయాలి. ఆకారం కనిపిస్తే కదలకూడదు, దగ్గరికి పోకూడదు. అది మాట్లాడితే పేరు, వయసు, ఆడా మగా, ఎందుకొచ్చిందో అడగాలి. రేషన్ కార్డు దరఖాస్తు కూడా ఇంత వివరంగా ఉండదు. ప్రైస్ సొంత సామాను పెట్టెలో చప్పుడు చేయని ఫెల్ట్ తొడుగులు, ఉక్కు టేపు, సీసపు సీళ్లు, నేల అదిరితే తెలియడానికి గిన్నెలో పాదరసం, వేలిముద్రలకు గ్రాఫైట్ పొడి, ఒక బ్రాందీ సీసా ఉండేవి.

పద్ధతి బాగానే ఉంది, లోపం అమలులో. ఆ ఇంట్లో 23 గదులు, రెండు మెట్లదారులు, కింద నేలమాళిగ. రాత్రికి ఇద్దరు ముగ్గురు కాపలాదారులు ఒక చివర ఉంటే మరో చివర ఎవరు వచ్చిపోయినా తెలియదు. గోడల మీద కొత్తగా కనబడే పెన్సిల్ గీతలను వింతల్లో లెక్కేశారు, కానీ అలాంటి గీతలు అప్పటికే బోలెడు. మొదటిరోజే ప్రతి గీతనూ నమోదు చేసి ఉంటే, తర్వాత కనబడింది కొత్తదో, ముందు చూపు తప్పిందో తేలేది. ఆ లెక్క సరిగా లేక, కంటబడని పాత గీత ‘కొత్తది’గా పుస్తకానికెక్కే అవకాశం ఎప్పుడూ ఉంది. పనివాళ్లను పిలిచే గంటల తీగలు గోడల్లోంచి పోతాయి. వాటి మీద ఎలుక పరుగెత్తినా గంట కదులుతుంది. మధ్యలో పెరడు విడిచి మూడువైపులా కట్టిన ఇంట్లో పక్కింటి చప్పుడు ఎటునుంచి వచ్చిందో చెప్పడం కష్టం. అన్నిటికన్నా పెద్ద తప్పు, ఏ గదిలో ఏం జరుగుతుందో ముందే చెప్పి పంపడం. నీలి గదిలో ఏదో ఉందని చదివి చీకట్లో కూర్చున్నవాడికి చెక్క చిటపట కూడా అడుగుల చప్పుడే.

ఏడాది కాపలాలో తేలింది కొద్ది. అయినా 1940లో ప్రైస్ పుస్తకంతో ‘ఇంగ్లండ్‌లోకెల్లా దెయ్యాల కొంప’ అన్న ముద్ర స్థిరపడింది. అప్పటికే ఇల్లు బూడిద. 1939 ఫిబ్రవరి 27 రాత్రి కొత్త యజమాని గ్రెగ్సన్ పుస్తకాలు సర్దుతుండగా నూనె దీపం దొర్లిందన్నాడు. బీమా కంపెనీ మాత్రం అది మోసపు క్లెయిమ్ అని తేల్చింది.

ఊరి మాట వినాలంటే 1943లో కాలిన ఇంట్లో ప్రైస్ జరిపిన తవ్వకం దగ్గరికి రావాలి. నేలమాళిగలో దొరికిన ఎముకలు సన్యాసినివని ప్రైస్ చెప్పాడు. పంది ఎముకలని బోర్లీవాళ్లు తేల్చి, తమ చర్చి ఆవరణలో పూడ్చనివ్వలేదు. 1945లో పక్కనున్న లిస్టన్‌లో పూడ్చారు. అంటే ఇవాళ చర్చి గేటు దగ్గర కనబడే విసుగు నిన్నమొన్నటిది కాదు. కూల్చివేత సమయంలో గాల్లో ఇటుక ఉన్న ఫొటో ఒకటి లైఫ్ పత్రికలో వచ్చింది. పనివాళ్లు ఇటుకలు విసిరేస్తున్న చోట తీసిన ఫొటో అది.

1956లో ఇలాంటి వింతలను పరిశీలించే సైకికల్ రిసర్చ్ సొసైటీ తరఫున డింగ్‌వాల్, గోల్డ్నీ, హాల్ రికార్డులన్నీ తిరగేసి, చాలావాటికి ఎలుకలు, ఇంటి ఆకారం వల్ల వచ్చే ధ్వనులు, మనుషుల చేతివాటం చాలునన్నారు, ప్రైస్‌నూ తప్పుబట్టారు. 1969లో హేస్టింగ్స్ అనే మరో పరిశోధకుడు ప్రైస్‌ను సమర్థిస్తూ జవాబు రాశారు. వేటగాళ్లు నేటికీ పట్టుకునేది ఆ జవాబునే. 1970లలో చర్చిలో టేప్ రికార్డర్లు పెట్టి రాత్రంతా కాచారు. పాత రాతి కట్టడం రాత్రి చల్లబడుతుంటే పైకప్పు దూలాలు, తలుపులు చప్పుడు చేయడం సహజం. ఇప్పుడు రికార్డర్ బదులు విద్యుదయస్కాంత క్షేత్రాన్ని పట్టే ఐదు లైట్ల కే2 మీటరు. జేబులో ఫోన్ సిగ్నల్ వెతుక్కున్నా దాని లైట్లు వెలుగుతాయి.

1937 నాటి కాపలాదారుల మీద ఎన్ని విమర్శలున్నా, వాళ్లున్నది అద్దె కట్టిన ఇంట్లో. ఇప్పుడు వచ్చేవాళ్లకు బోర్లీలో అద్దె కాగితమూ లేదు, ఇల్లూ లేదు. చర్చిలోకి వెళ్లాలంటే పారిష్ అనుమతి కావాలి, పాత తోట ఉన్న చోటికి వెళ్లాలంటే అక్కడి ఇంటివాళ్ల అనుమతి కావాలి.