చిగుళ్ల జబ్బు నోటితో ఆగుతుందా?

చిగుళ్ల వైద్యుడిగా నాకు రెండు రకాల రోగులు ఎదురవుతుంటారు. పళ్లు కదిలే వరకు పట్టించుకోనివారు కొందరు. చిగురు నుంచి రక్తం వచ్చింది కాబట్టి గుండెపోటు ఖాయమని హడలిపోయి వచ్చేవారు మరికొందరు. చిగుళ్లకూ ఒంట్లోని ఇతర జబ్బులకూ సంబంధం ఉన్న మాట నిజమే. అది అన్నింటితోనూ ఒకేలా లేదు, చిక్కంతా అక్కడే.

అపోహ: బ్రష్ గట్టిగా తగిలి రక్తం వస్తోంది, ఆ చోట తోమకపోతే సరి.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న చిగురు మామూలుగా తోమితే రక్తం కార్చదు. పంటి అంచున పాచి నిలిచి చిగురు వాచినందుకే రక్తం వస్తుంది. తోమడం మానేస్తే పాచి ఇంకా పెరుగుతుంది. మేము పంటికీ చిగురుకీ మధ్య సన్నని ప్రోబ్ దింపి లోతు కొలుస్తాం. బాగున్న చోట 3 మిల్లీమీటర్ల లోపే ఆగుతుంది. జబ్బు ముదిరిన చోట 6, 7 దాకా దిగిపోతుంది. ఆ సందు లోపలి గోడంతా పుండే. నోటిలోని ఇలాంటి పుండునంతా విప్పి పరిస్తే 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు ఉండవచ్చని ఒక లెక్క. చేతి మీద అంత పుండు పడితే ఆ రోజే కట్టు కట్టించుకుంటాం. ఇక్కడ చాలామందికి నొప్పి కూడా ఉండదు.

అపోహ: మధుమేహం వేరు, చిగుళ్లు వేరు.

వాస్తవం: అన్నింటికంటే గట్టి ఆధారం ఉన్నది ఈ సంబంధానికే, అదీ రెండు వైపులా. చక్కెర అదుపులో లేకపోతే పంటి చుట్టూ ఎముక త్వరగా కరుగుతుంది. చిగుళ్ల వాపు నుంచి వెలువడే రసాయనాలు ఇన్సులిన్ పనికి అడ్డుపడతాయి. చిగుళ్లకు చికిత్స చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) సగటున 0.4 మేర తగ్గుతుంది. అంటే 8.2 ఉన్నది 7.8 దగ్గరికి రావచ్చు. ఆ మాట విని మాత్రలు మానకండి.

మందులు తప్పకుండా వేసుకుంటున్నా చక్కెర దిగడం లేదంటూ ఒకాయన వచ్చారు. కింది ముందు పళ్ల వెనక గార, అంటే గట్టిపడిన పాచి, గోడ కట్టి ఉంది. నాలుకకు రాయిలా గట్టిగా తగులుతుంటే అదీ పన్నే అనుకున్నారట. ఆ గారను గీకి తీసే స్కేలింగ్ అయ్యాక సందులు కనిపించేసరికి ‘పళ్లు అరగదీశారు, వదులు చేశారు’ అని నా మీద కోపగించుకున్నారు. ఎముక ఎప్పుడో కరిగిపోయింది, ఇన్నాళ్లూ ఆ పళ్లను పట్టి ఉంచింది ఆ గారే.

అపోహ: స్కేలింగ్ చేయించుకుంటే గుండెపోటు రాదు.

వాస్తవం: ఈ హామీ ఎవరిచ్చినా నమ్మకండి. చిగుళ్ల జబ్బు ఉన్నవారిలో గుండెజబ్బులు ఎక్కువే. పొగతాగడం, మధుమేహం ఈ రెండు జబ్బులకూ ఉమ్మడి కారణాలు. వాటిని లెక్కలోంచి తీసేసినా కొంత సంబంధం మిగులుతుంది. అయితే చిగుళ్ల చికిత్స గుండెజబ్బును ఆపుతుందనడానికి రుజువు లేదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో తేల్చి చెప్పింది. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారి సంగతి వేరు. చికిత్సకు కూర్చునే ముందే ఆ విషయం చెప్పాలి, ముందుగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సి ఉంటుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా ఆపకూడదు.

అపోహ: పళ్లన్నీ పీకించేస్తే ఒంట్లో రోగాలు పోతాయి.

వాస్తవం: ఇది పాత పిచ్చి. 1910లో విలియం హంటర్ అనే వైద్యుడు మాంట్రియల్‌లో చేసిన ప్రసంగం తర్వాత నోటిలోని చీము సకల రోగాలకు మూలమన్న వాదం ఊపందుకుంది. కీళ్ల నొప్పులకూ, చివరికి మానసిక రోగాలకూ పళ్లు పీకేశారు. రోగాలు పోలేదు, పళ్లు పోయాయి.

అపోహ: గర్భిణులు చిగుళ్ల చికిత్స చేయించుకోకూడదు.

వాస్తవం: నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. దానివల్ల నెలలు నిండని కాన్పులు తగ్గుతాయని మాత్రం పెద్ద పరీక్షల్లో తేలలేదు.

అపోహ: సిగరెట్ తాగినా నా చిగుళ్ల నుంచి రక్తం రావడం లేదు, అంటే బాగున్నట్టే.

వాస్తవం: పొగ తాగేవారి చిగుళ్లలో రక్తస్రావం అణిగిపోతుంది, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. మానేసిన కొన్ని వారాలకు రక్తం కనిపిస్తే, మానడం వల్లే జబ్బు వచ్చిందనుకుని మళ్లీ అంటించకండి. అది ఇన్నాళ్లూ దాక్కున్న జబ్బు. ఆ వారమే వచ్చి ప్రోబ్‌తో కొలిపించుకోండి.