సంతకం లేకపోతే ఒప్పందం లేనట్టేనా? సరుకుల అమ్మకం, వ్యాపార పోటీ: అపోహలు - వాస్తవాలు

వ్యాపార కేసులు చూసే లాయర్‌ని నేను. ఆఫీసుకు వచ్చినవాళ్ల నోట తరచూ వినే మాట: "మేమెక్కడా సంతకం పెట్టలేదండీ." సరుకు ఇచ్చి డబ్బు రానివాళ్లు ఆ మాట భయంతో అంటారు. నోటీసు అందుకున్నవాళ్లు ధీమాగా అంటారు. ఆ భయమూ, ఆ ధీమా రెండూ తప్పే. సరుకుల అమ్మకానికి మన దేశంలో 1930 నాటి వస్తు విక్రయ చట్టం ఉంది. వ్యాపారంలో పోటీ సక్రమంగా సాగేందుకు 2002 నాటి పోటీ చట్టం ఉంది. మీరు ఏం అనుకున్నారు, ఏం చేశారు అన్నదే రెండూ చూస్తాయి. కాగితం దానికి సాక్ష్యం మాత్రమే.

అపోహ: రాతపూర్వకంగా లేకపోతే అమ్మకం చెల్లదు.

చెల్లుతుంది. నోటిమాటతో చేసుకున్నా, కొంత రాసి కొంత మాట్లాడుకున్నా, చివరికి ఇద్దరి ప్రవర్తనను బట్టి తెలిసినా అది ఒప్పందమేనని వస్తు విక్రయ చట్టం 5వ సెక్షన్ చెబుతోంది. ఫోన్‌లో ఆర్డర్ చెప్పారు, లారీ వచ్చింది, సరుకు దింపుకున్నారు. ఇక "ఒప్పందం ఎక్కడ ఉంది?" అని అడగడానికి లేదు. రేటు మాట్లాడుకోకపోయినా సమంజసమైన ధర చెల్లించాల్సిందే.

అమ్మినవాళ్లు మర్చిపోయేది గడువు సంగతి. అరువు ఎన్నాళ్లో అనుకోకుండా సరుకు ఇస్తే, డెలివరీ అయిన రోజు నుంచి మూడేళ్లలోపు దావా వేయాలి. అరువుకు ఇన్ని రోజులని గడువు పెట్టుకుంటే, అది ముగిసిన రోజు నుంచి లెక్క. సంతకానికి నిజంగా విలువ ఉండేది ఇక్కడే. ఆ మూడేళ్ల లోపల బాకీ ఒప్పుకుంటూ కొన్నవాళ్లు సంతకం చేసి కాగితం ఇస్తే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు దొరుకుతాయి. "ఇస్తాంలే" అన్న నోటిమాటతో గడువు పెరగదు.

అపోహ: డబ్బు కట్టి సరుకు తీసుకెళ్లేదాకా అది అమ్మినవాళ్లదే.

ఎక్కువ నష్టం తెచ్చిపెట్టే అపోహ ఇదే. ఒక తగాదాను దగ్గరగా చూశాను. ఒకాయన వాడిన జనరేటర్ కొనడానికి వెళ్లారు. షెడ్డులో నాలుగు ఉన్నాయి. ఒకదాన్ని స్టార్ట్ చేయించి చూశారు, రేటు కుదిరింది. ఇంజిన్ మీది నంబరును విజిటింగ్ కార్డు వెనక రాసుకుని, "ఎల్లుండి బండి పంపిస్తా, డబ్బు అప్పుడే ఇస్తా" అని వచ్చేశారు. ఆ రాత్రి షెడ్డు కాలిపోయింది. పైసా కట్టలేదు, సరుకు చేతికి రాలేదు కాబట్టి తనకు సంబంధం లేదని ఆయన నమ్మకం.

చట్టం అలా చూడదు. ఫలానా వస్తువు అని తేలిపోయి, అది అప్పగించడానికి సిద్ధంగా ఉండి, బేరం ఏ షరతూ లేకుండా కుదిరితే, యాజమాన్యం అప్పుడే కొన్నవాళ్లకు మారుతుంది. డబ్బు, డెలివరీ తర్వాత అనుకున్నా సరే. ఇది 20వ సెక్షన్. యాజమాన్యం ఎవరిదైతే నష్టభయమూ వాళ్లదేనని 26వ సెక్షన్ అంటుంది. విజిటింగ్ కార్డు వెనక ఉన్న ఆ నంబరే "ఫలానా జనరేటర్" అనడానికి సాక్ష్యమైంది. ఆయన ముఖం చూస్తూ ఈ మాట చెప్పడం నాకు కష్టమైంది.

ఆయన నంబరు రాసుకోకుండా "నాలుగింటిలో ఏదో ఒకటి పంపండి" అని ఉంటే కథ వేరు. ఏ వస్తువో తేలేదాకా యాజమాన్యం మారదు. రిపేరు చేసి ఇస్తామని అమ్మినవాళ్లు ఒప్పుకుని ఉంటే, ఆ పని పూర్తయి కబురు అందేదాకా మారదు. అమ్మినవాళ్లు తూకం వేస్తేగానీ ధర తేలని సరుకుకూ అంతే. తప్పు ఒకరిదై డెలివరీ ఆలస్యమైతే, ఆ ఆలస్యం వల్ల జరిగే నష్టం తప్పు చేసినవాళ్ల నెత్తినే పడుతుంది. "సరుకు మా గేటు దాటి లోపలికి వచ్చేదాకా రిస్కు అమ్మినవాళ్లదే" అని ముందే అనుకుంటే ఆ మాటే చెల్లుతుంది. అందుకే ఆర్డర్ మెసేజ్‌లో ఆ ఒక్క వాక్యం రాయమని అందరికీ చెబుతుంటాను.

యాజమాన్యం మారినా, అరువు ఇవ్వని అమ్మకందారు డబ్బు ముట్టేదాకా తన దగ్గరున్న సరుకును ఆపుకోవచ్చు. ఆ హక్కు వేరు.

అపోహ: "అమ్మిన సరుకు వాపసు తీసుకోం" అని బిల్లు మీద ఉంటే ఇక అంతే.

కొనేవాళ్లే చూసుకోవాలన్నది పాత సూత్రం. 16వ సెక్షన్ దాంతోనే మొదలై, వెంటనే మినహాయింపులు ఇస్తుంది. ఏ పనికో చెప్పి, అమ్మకందారు నైపుణ్యాన్ని నమ్ముకుని కొంటే, ఆ సరుకు ఆ పనికి పనికిరావాలి. వర్ణన చెప్పి అమ్మితే వర్ణనకు, శాంపిల్ చూపి అమ్మితే శాంపిల్‌కు సరిపోవాలి. ఈ షరతులను ఒప్పందంతో తొలగించుకోవచ్చు, నిజమే. కానీ బేరం ముగిశాక చేతికొచ్చిన బిల్లు మీద అచ్చేసిన వాక్యం ఒప్పందం ఎలా అవుతుంది?

కొన్నవాళ్లకూ ఒక మాట. సరుకు నచ్చకపోతే వెంటనే చెప్పండి. సమంజసమైన కాలం దాటేదాకా కిక్కురుమనకుండా ఉంచుకుంటే స్వీకరించినట్టే. అప్పుడు తిరస్కరించే హక్కు పోయి నష్టపరిహారం అడగడమే మిగులుతుంది. న్యాయంగా తిరస్కరించిన సరుకును మీ ఖర్చుతో వెనక్కి పంపనక్కర్లేదు, తీసుకోవడం లేదని తెలియజేస్తే చాలు. మళ్లీ అమ్ముకోవడానికి కొన్నవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రారు. వాళ్ల దారి సివిల్ కోర్టే.

అపోహ: పోటీ చట్టం పెద్ద కంపెనీలకే.

"రేపటి నుంచి ఈ రేటుకు తగ్గించి ఎవరూ ఇవ్వొద్దు. ఓకే అనేవాళ్లు బొటనవేలు పెట్టండి." డీలర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మెసేజ్‌లు చూసినప్పుడల్లా నాకు టెన్షన్ వస్తుంది. అందరూ కలిసి మాట్లాడుకోవడంలో తప్పేముందని వాళ్ల ఉద్దేశం. పోటీదారులు కలిసి ధర నిర్ణయించడం, సరఫరా తగ్గించడం, మార్కెట్‌ను పంచుకోవడం, టెండర్లలో కుమ్మక్కవడం పోటీకి హానికరమేనని 3వ సెక్షన్ ముందే భావిస్తుంది. కాదని నిరూపించాల్సిన భారం మీ మీదే ఉంటుంది. చిన్న వ్యాపారులకని మినహాయింపు లేదు. అసోసియేషన్ తీర్మానం చేసినా రక్షణ దొరకదు. "ఒప్పందం" అనే మాటకు ఈ చట్టం ఇచ్చిన అర్థంలో రాయని అవగాహన కూడా ఉంది, కోర్టులో అమలు చేయించుకునే ఉద్దేశం లేని మాట కూడా ఉంది. బొటనవేలి బొమ్మ చాలు.

2009లో భారత ఆహార సంస్థ పిలిచిన అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రల (నిల్వ ధాన్యానికి పురుగు పట్టకుండా వాడేవి) టెండర్‌లో మూడు కంపెనీలు కిలోకు సరిగ్గా 388 రూపాయలే వేశాయి. కుమ్మక్కు జరిగిందని, పోటీ చట్టాన్ని అమలు చేసే కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన నిర్ణయాన్ని 2017లో సుప్రీంకోర్టు సమర్థించింది. కార్టెల్, అంటే పోటీదారుల కుమ్మక్కు, అని తేలితే, అది నడిచిన ప్రతి సంవత్సరానికీ లాభానికి మూడు రెట్ల దాకా గానీ, టర్నోవర్‌లో 10 శాతం దాకా గానీ, ఏది ఎక్కువైతే అంత జరిమానా వేయవచ్చు. ముందుగా కమిషన్ దగ్గరకు వచ్చి నిజం చెప్పినవాళ్లకు జరిమానాలో తగ్గింపు ఉంది. ఎదుటివాళ్ల రేటు బోర్డు చూసి మీ అంతట మీరు రేటు మార్చుకుంటే తప్పు కాదు. వాళ్లతో మాట్లాడుకుని మారిస్తేనే తప్పు.

అపోహ: కంపెనీ చెప్పిన రేటుకు తక్కువకు డీలర్ అమ్మకూడదు.

ఎంఆర్‌పీ అంటే పై హద్దు. దాన్ని దాటకూడదు, తగ్గించి అమ్మవచ్చు. డిస్కౌంట్ ఇవ్వొద్దని కంపెనీ డీలర్‌ను కట్టడి చేస్తే, దానివల్ల పోటీకి దెబ్బ తగిలిందా అని కాంపిటీషన్ కమిషన్ చూస్తుంది. డీలర్ల డిస్కౌంట్లను నియంత్రించిందంటూ 2021లో మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది.

అపోహ: పెద్దగా ఎదగడం, చౌకగా అమ్మడం నేరం.

కాదు. మార్కెట్‌లో ఆధిపత్యం ఉండటాన్ని 4వ సెక్షన్ తప్పుపట్టదు, దాన్ని దుర్వినియోగం చేయడాన్నే తప్పుపడుతుంది. ఆధిపత్యం ఉన్న సంస్థ పోటీని తగ్గించడానికో, పోటీదారులను తొలగించడానికో ఖర్చు కన్నా తక్కువకు అమ్మితే అది దుర్వినియోగం. ఎదురుగా ఉన్నవాళ్లు మీకన్నా చౌకగా ఇస్తున్నారన్నంత మాత్రాన కేసు నిలవదు. నిజంగా దుర్వినియోగమే అనిపిస్తే ఎవరైనా కమిషన్‌కు సమాచారం ఇవ్వవచ్చు. 2023 సవరణ తర్వాత దానికీ మూడేళ్ల గడువు ఉంది. మీకు జరిగిన నష్టానికి పరిహారం మాత్రం కమిషన్ ఇవ్వదు. దానికి అప్పిలేట్ ట్రిబ్యునల్‌లో విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి.