సొప్రానో శాక్సఫోన్ కొనేముందు: మనవలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులైన మనవడికీ మనవరాలికీ తాతయ్య ఆశీస్సులు.

మీరు పంపిన నాలుగు ఫొటోలూ రాత్రి పెద్దవి చేసి చూశాను. మీరు కొనాలనుకుంటున్న పాత సొప్రానో శాక్సఫోన్ తళతళలాడుతోంది. పెట్టె లోపలి ముఖమల్ గుడ్డ కూడా బాగుంది. కానీ నాకు కావలసినవేవీ ఆ ఫొటోల్లో లేవు. మీ అమ్మ ఫోన్ చేసి, "వెంటనే అడ్వాన్సు ఇచ్చేస్తామంటున్నారు నాన్నా" అని టెన్షన్ పడింది. ఇవ్వకండి. నలభై ఏళ్ళు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించినవాణ్ణి, మధ్యలో ఒక సొప్రానో కొని నష్టపోయినవాణ్ణి కూడా. ఫోన్లో చెబితే సగం మరిచిపోతారని కాగితం మీద పెడుతున్నాను.

ముందు అది సొప్రానోయేనా అని తేల్చుకోండి. నిటారుగా, లోహంతో, కీలతో ఉన్నదల్లా సొప్రానో కాదు. ఒకప్పుడు లోహంతో క్లారినెట్లు కూడా చేశారు. మా పక్క ఊరి కుర్రాడొకడు అలాంటిదే శాక్సఫోన్ అనుకుని కొని నా దగ్గరికి తెచ్చాడు. పాపం, వాడి మొహం చూడలేకపోయాను. గొట్టం చూస్తే తెలిసిపోతుంది. క్లారినెట్ గొట్టం పైనుంచి బెల్, అంటే అడుగున విచ్చుకున్న నోరు, దగ్గరిదాకా దాదాపు ఒకే లావు. శాక్సఫోన్ గొట్టం మన సన్నాయిలా పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పవుతుంది. మామూలు క్లారినెట్‌లో కొన్ని రంధ్రాలు నేరుగా వేళ్ళకు తగులుతాయి, శాక్సఫోన్‌లో ప్రతి రంధ్రానికీ ప్యాడ్ (గాలి పోకుండా మూసే తోలు మెత్త) ఉన్న మూత ఉంటుంది. ఊదితే ఇక అనుమానమే ఉండదు. ఎడమ బొటనవేలి కీ నొక్కితే శాక్సఫోన్ సా నుంచి పై సా కి వెళ్తుంది. క్లారినెట్ అక్కడ ఆగదు, పై స్థాయి పా దాకా దూకుతుంది.

ఇంకో మాట. కద్రి గోపాల్‌నాథ్ గారి కచేరీ విని మనసుపడ్డారని మీ అమ్మ చెప్పింది. ఆయన వాయించింది ఆల్టో శాక్సఫోన్, వంపు తిరిగినది, సొప్రానో కన్నా గొంతు కాస్త కింద ఉంటుంది. అమెరికా వాద్యకారుడు కెన్నీ జీ చేతిలో చూసినది సొప్రానో. మీకు ఏ నాదం కావాలో ముందు నిశ్చయించుకోండి. నా మనసు మాత్రం సొప్రానో వైపే. సిడ్నీ బెషే అని అమెరికాలో గొప్ప క్లారినెట్ విద్వాంసుడు ఉండేవాడు. ఆయన 1919లో లండన్‌లో నిటారు సొప్రానో కొన్నాడు, ఆ తరవాత ఆ వాద్యానికి జాజ్‌లో పెద్దపీట వేసింది ఆయనే. క్లారినెట్ చేతిలో పెట్టుకుని సొప్రానో వైపు చూసేవాళ్ళ తహతహ నాకు బాగా తెలుసు.

ఇప్పుడు శ్రుతి సంగతి. ఇది జాగ్రత్తగా చదవండి. మామూలుగా దొరికే సొప్రానో బి ఫ్లాట్‌ది. కాగితం మీద సి ఉంటే ఆ వేళ్ళతో ఊదినప్పుడు బయటికి వచ్చేది బి ఫ్లాట్, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. హార్మోనియం మీద ఆ మెట్టు నొక్కిపెట్టి పోల్చి చూడండి. 1920ల్లో సి సొప్రానోలు కూడా వచ్చాయి. అవి ఒకటి శ్రుతి పలుకుతాయి, గొట్టం కొంచెం పొట్టి. చెడ్డవని కాదు గానీ, బి ఫ్లాట్ కోసం రాసిన నోట్సు పట్టుకుని బ్యాండులో కూర్చుంటే దానితో కుదరదు.

అంతకన్నా ప్రమాదం హై పిచ్ వాద్యం. ఇప్పుడు మామూలుగా 'ఏ' (A) అనే స్వరాన్ని సెకనుకు 440 కంపనాలకు పెట్టుకుంటారు. వందేళ్ళ కిందట కొన్ని బ్యాండులు 457 దాకా పెంచుకునేవి, వాటి కోసం వాద్యాలే వేరుగా చేసేవారు. అలాంటిది హార్మోనియం పక్కన ఊదితే మెట్టుకీ మెట్టుకీ మధ్య పడుతుంది, ఎటూ కలవదు. నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఒక దుకాణంలో నాకు అంటగట్టింది అదే. పాలకొల్లు దగ్గర ఒక పెళ్ళి ఎదురుకోలులో మొదటిసారి బయటికి తీశాను. నాలుగు క్లారినెట్ల మధ్య అదొక్కటే విడిగా వినిపిస్తోంది. శ్రుతి దించుదామని మౌత్‌పీసు, అంటే నోట్లో పెట్టుకుని ఊదే ముక్క, బయటికి లాగాను. కింది స్వరాలు కొంచెమే దిగాయి, పై స్వరాలు మరీ దిగిపోయాయి. పై స్వరాలకు పలికే గొట్టం పొట్టి కదా, లాగిన ఆ కాస్త పొడవూ అక్కడ ఎక్కువ తేడా చేస్తుంది. మా గురువుగారు ఏమీ అనలేదు, పెట్టెలో పెట్టెయ్యమని చేత్తో సైగ చేశారు. ఆ రాత్రి విడిదింట్లో పెట్రోమాక్స్ లైటు దగ్గర తిప్పి చూశాను. వెనకవైపు, కుడి బొటనవేలి కొక్కెం దగ్గర, సీరియల్ నంబరు పక్కన బియ్యపు గింజంత హెచ్ అక్షరం ఉంది. కొనేటప్పుడు అక్కడ చూడాలని నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెబుతున్నాను. పాత అమెరికా వాద్యాల మీద ఎల్ గానీ లో పిచ్ అని గానీ ఉంటే అది 440ది. హెచ్ ఉంటే ఎంత చవకైనా వద్దు. ఏ గుర్తూ లేకపోతే హార్మోనియమే సాక్షి.

పేర్ల గురించి ఎక్కువ రాయను. సెల్మర్, యమహా, యానగిసావా నమ్మదగినవి. పాత అమెరికా వాటిలో కాన్, బుషర్ మంచివే. కొన్ని కంపెనీలు తమ వాద్యాల మీద దుకాణాల పేర్లు వేసి అమ్మేవి, కాబట్టి ఎన్నడూ వినని పేరు కనిపించగానే తీసెయ్యనక్కర్లేదు. పెద్ద పేరు కనిపించగానే నమ్మనూ వద్దు, ఆ పేర్లతో నకిలీలూ ఉన్నాయి. నంబరు ఫొటో తీసి, ఆ కంపెనీ నంబర్ల పట్టికలో ఏ సంవత్సరానిదో చూసి, వాద్యం రూపం ఆ కాలానికి సరిపోతుందో లేదో పోల్చండి.

ఇక గొట్టం. ప్యాడ్లు, కార్కులు, స్ప్రింగులు ఖర్చు పెడితే మారతాయి. గొట్టం మారదు. నిటారు సొప్రానో కిందపడితే సొట్టతో పాటు ఒక్కోసారి వంగుతుంది కూడా. వడ్రంగి దూలం వంకర చూసినట్టు ఒక కన్ను మూసి, బెల్ వైపు నుంచి పైకి చూడండి. కీలను పట్టి ఉంచే పొడవాటి రాడ్లు నిటారుగా ఉండాలి. కీ నొక్కి వదిలితే టక్కున లేవాలి, బద్ధకంగా లేస్తే రాడ్ పట్టేస్తోందన్నమాట. బెల్ మీద చిన్న సొట్ట వల్ల పెద్ద నష్టం లేదు. అదే సొట్ట పైన సన్నటి చోట ఉంటే స్వరస్థానాలు కదిలిపోతాయి.

మెరుపు చూసి మురిసిపోకండి. బెల్ మీది చెక్కడంపై గోరు నెమ్మదిగా లాగండి. గీతల అంచులు గోటికి తగలాలి. నున్నగా జారిపోతే ఎవరో మిషన్ మీద అరగదీసి మళ్ళీ లక్క పూత వేశారు. అరిగింది చెక్కడం ఒక్కటే కాదు, ఇత్తడి కూడా. ఎర్రటి మచ్చలు ఉన్నాయేమో చూడండి, ముఖ్యంగా ఉమ్మి తగిలే పైభాగంలో. ఇత్తడి అంటే రాగీ జింకూ కలిసినది. అజ్జరంలో ఇత్తడి సామాను చేసే పెద్దాయన ఒకరు ఆ మచ్చ మీద వేలు పెట్టి, "ఇక్కడ జింకు పోయిందండీ, రాగి మిగిలింది" అని నాకు చూపించారు. పైకి ఎరుపు కనిపించిందంటే లోపల తినేసి ఉండొచ్చు. మన అంతర్వేది వైపు ఉప్పుగాలికి నీలం రంగు సూది స్ప్రింగులు కూడా తుప్పుపడతాయి, ఒక్కొక్కటీ చూడండి. కొన్నాక మాత్రం మీ అమ్మమ్మ బిందెలు తోమినట్టు చింతపండుతో తోమకండి. పూత పాడవుతుంది, పులుసు కీల సందుల్లో చేరుతుంది.

గాలి ఎక్కడ కారుతోందో చూడటం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని. పండక్కి కట్టే సన్న తీగ సీరియల్ సెట్టు ఒకటి పట్టుకెళ్ళండి. గది చీకటి చేసి, ఆ తీగను బెల్ లోంచి మెల్లగా పైకి ఎక్కించండి. ఒక్కో కీని వేలి బరువుతోనే, గట్టిగా నొక్కకుండా మూయండి. ప్యాడ్ బాగుంటే రంధ్రం మీద చీకటి. బాగాలేకపోతే అంచున నెలవంకలా సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీతలోంచే గాలి పోతుంది. ఇక్కడ గుర్తుపెట్టుకోవలసింది, పైన ఒక్క ప్యాడ్ కారితే కింది స్వరాలన్నీ పాడవుతాయి. అమ్మేవాడు "ఆయ్, కింది స్వరాలు ఎవరికైనా కష్టమేనండీ" అంటే ముందు పైన వెతకండి. వెలుగు చాలని చోట గాలిపటం కాగితం సన్నగా కత్తిరించి ప్యాడ్ కింద పెట్టి, కీ మూసి లాగండి. చుట్టూ అన్నివైపులా ఒకేలా పట్టుకోవాలి. వానాకాలంలో మన తేమకు తోలు ఉబ్బి జి షార్ప్ ప్యాడ్ అంటుకుపోతుంది. అది తుడిస్తే పోయేదే, దానికి భయపడకండి.

చివరికి ఊదాలి. మీకు అలవాటైన మౌత్‌పీసు, దానికి బిగించే కొత్త రీడు (ఊదితే అదిరే పలుచని రెల్లు బద్ద) తీసుకెళ్ళండి. వాళ్ళ మౌత్‌పీసు చెడ్డదైతే వాద్యం మీద నింద పడుతుంది. బి, ఏ, జి అంటూ ఒక్కో స్వరమే దిగుతూ అడుగున బి ఫ్లాట్ దాకా మెల్లగా ఊదండి. వేళ్ళు బిగించకుండా పలికితే మంచిది. తరవాత బొటనవేలి కీ నొక్కే ఉంచి జి, ఏ, జి, ఏ మార్చి మార్చి ఊదండి. లోపల రెండు చిన్న రంధ్రాలు వంతులు మార్చుకుంటాయి, జి కి కిందిది, ఏ కి పైది. ఆ మార్పిడిలో గురగుర వస్తే యంత్రం సర్దాలి. ట్యూనర్ (శ్రుతి చూపించే యంత్రం) చూస్తూ ఊదకండి. చూస్తే పెదవి దానంతట అదే సర్దేస్తుంది. కళ్ళు మూసుకుని స్వరం నిలబెట్టి, ఆ తరవాత చూడండి. సొప్రానోలో కొద్దిపాటి తేడాలు ఎప్పుడూ ఉంటాయి, పెదవితో దిద్దుకోవచ్చు. పక్కపక్క స్వరాలు ఒకటి బాగా పైకీ ఒకటి బాగా కిందికీ పోతుంటే మాత్రం పెట్టె మూసి ఇచ్చేయండి.

ప్యాడ్లు మొత్తం మార్చాలంటే ఇరవైకి పైగా ఉంటాయి, ఖర్చు గట్టిగానే అవుతుంది. బేరమాడే ముందు బాగుచేసేవాణ్ణి అడిగి ఆ ఖర్చు తెలుసుకోండి, దాన్ని ధరలోంచి తీసి మాట్లాడండి.

ముందు నాకు మరో మూడు ఫొటోలు పంపించమనండి: వెనక నంబరు దగ్గరగా, బెల్ వైపు నుంచి పొడవునా, పైభాగం ఇత్తడి. అవి బాగుంటే ఆదివారం వెళ్దాం. రావులపాలెంలో బస్సు దిగి ఫోన్ చెయ్యండి, హార్మోనియం ఆటోలో వేసుకుని నేనే వస్తాను.

మీ తాతయ్య