సోర్స్ నుంచి పెట్టుకున్న గిట్‌ల్యాబ్ అప్‌గ్రేడ్: అపోహలు - వాస్తవాలు

మా గిట్‌ల్యాబ్ సర్వర్‌ను (టీమ్ కోడ్ దాచుకుని కలిసి పనిచేసే చోటు) 9వ వెర్షన్ రోజుల నుంచి నేనే చూసుకుంటున్నాను. ప్యాకేజీతో వచ్చింది కాదు, సోర్స్ నుంచి, అంటే మూల కోడ్ తెచ్చి మేమే కట్టుకున్నది. దానికి కావాల్సిన రూబీ, గో, నోడ్, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, రెడిస్ అన్నీ ఒక్కొక్కటిగా చేత్తో కూర్చినవే. ఇలాంటి సర్వర్లు చూసుకునే కుర్రాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు: "అన్నా, మైగ్రేషన్ మధ్యలో ఆగిపోయింది, ఏం చెయ్యను?" మైగ్రేషన్ అంటే కొత్త వెర్షన్‌కు తగ్గట్టు డేటాబేస్‌ను మార్చే పని. వివరాలు అడుగుతూ పోతే, ఆగిపోయిన ఆ కమాండ్‌లో తప్పేమీ కనబడదు. అంతకు ముందెప్పుడో మనసులో నాటుకుపోయిన ఒక నమ్మకం దగ్గర తప్పు జరిగి ఉంటుంది. నేను ఎక్కువసార్లు విన్నవి ఇవి.

అపోహ: కొత్త వెర్షన్ కోడ్ ఉన్న బ్రాంచ్ చెకౌట్ చేసి (తెచ్చి పెట్టుకుని), మైగ్రేషన్ నడిపితే అప్‌గ్రేడ్ అయిపోయినట్టే.

వాస్తవం: అప్‌గ్రేడ్ అయింది వెబ్ పేజీలు నడిపే రైల్స్ అప్లికేషన్ ఒక్కటే. రిపోజిటరీలను (కోడ్ దాచే గూళ్ళను) డిస్క్ మీద చదివి రాసేది గిటాలీ. ఎస్‌ఎస్‌హెచ్ దారిలో వచ్చే పుష్, పుల్ (కోడ్ పంపడం, తెచ్చుకోవడం) చూసేది గిట్‌ల్యాబ్ షెల్. బ్రౌజర్‌కీ రైల్స్‌కీ మధ్య నిలబడి పెద్ద ఫైళ్ళ బరువు మోసేది వర్క్‌హార్స్. వీటిని కూడా కొత్త రైల్స్‌కు తగ్గ వెర్షన్‌కు తెచ్చి మళ్ళీ కంపైల్ చేయాలి. ఏ వెర్షన్ కావాలో వెతుక్కోనక్కర్లేదు. రైల్స్ ఫోల్డర్‌లోనే గిట్‌ల్యాబ్ షెల్‌కు ఒకటి, గిటాలీకి ఒకటి చిన్న ఫైళ్ళు ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒకే ఒక్క లైను, అందులో వెర్షన్ నంబరు. సరిగ్గా ఆ వెర్షన్ ట్యాగ్‌కే వెళ్ళాలి, దానికంటే కొత్తది దొరికిందని దానికి పోకూడదు.

ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో ఒకసారి దగ్గరుండి చూశాను. వెబ్ పేజీలన్నీ చక్కగా తెరుచుకున్నాయి, కింద కొత్త వెర్షన్ నంబరు కనబడుతోంది, మెర్జ్ రిక్వెస్టులు కనబడుతున్నాయి. అందరం ఇళ్ళకు వెళ్ళిపోయాం. పొద్దున్నే మొదటి పుష్ చేసిన అమ్మాయికి ఎర్రర్ వచ్చింది. షెల్ పాతదే ఉండిపోయింది. ఇల్లు అలకగానే పండగ కాదన్న మాట ఈ పనికి అచ్చంగా సరిపోతుంది. అప్పటి నుంచి అప్‌గ్రేడ్ తర్వాత నేను బ్రౌజర్ కంటే ముందు టెర్మినల్ తెరుస్తాను. ఎస్‌ఎస్‌హెచ్ మీద ఒక క్లోన్, ఒక పుష్, హెచ్‌టీటీపీఎస్ మీద ఒక పుష్, ఒక సీఐ జాబ్ (కోడ్‌ను తనంతట తానే పరీక్షించే పని), ఒక ఇష్యూలో బొమ్మ అప్‌లోడ్, ఒక నోటిఫికేషన్ మెయిల్. ఈ ఆరూ అయ్యాకే టీమ్‌కు కబురు పెడతాను.

అపోహ: పర్మిషన్ ఎర్రర్ వస్తే రూట్‌గా (సర్వాధికారాలున్న యూజర్‌గా) నడిపితే సరిపోతుంది.

వాస్తవం: ఆ పూటకు సరిపోతుంది. కానీ రూట్‌గా నడిపిన ప్రతి కమాండూ టెంప్‌లోనో, లాగ్‌లోనో, అప్‌లోడ్స్‌లోనో రూట్ పేరు మీద ఫైళ్ళు వదిలిపోతుంది. తర్వాత గిట్ యూజర్‌గా నడిచే ప్రోగ్రాములు వాటిని ముట్టుకోలేవు. పైగా 2022 ఏప్రిల్‌లో వచ్చిన భద్రతా సవరణ తర్వాత, ఫోల్డర్ ఒకరిదీ కమాండ్ నడిపేది ఇంకొకరూ అయితే గిట్ అసలు పనే చేయనంటుంది. వేరే యూజర్‌గా నడిపే సుడో కమాండ్‌కు గిట్ యూజర్ పేరూ, హోమ్ ఫోల్డర్ మార్చే పెద్ద హెచ్ ఆప్షనూ రెండూ ఇవ్వండి. రెండోది మరిచిపోతే కొన్ని ప్రోగ్రాములు సెట్టింగుల కోసం ఇంకెవరి హోమ్ ఫోల్డర్‌లోనో వెతుకుతాయి.

అపోహ: ఎంత పాత వెర్షన్ నుంచైనా తాజా వెర్షన్‌కు ఒకే గెంతులో వెళ్ళొచ్చు. మైగ్రేషన్లన్నీ వరుసగా అవే నడుస్తాయి కదా.

వాస్తవం: నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మైగ్రేషన్లలో రెండు రకాలున్నాయి. మనం కమాండ్ ఇస్తే కళ్ళ ముందే నడిచి ముగిసేవి ఒక రకం. రెండో రకాన్ని ఆ కమాండ్ కేవలం రిజిస్టర్ చేసి వదిలేస్తుంది. సర్వర్ మళ్ళీ లేచాక, వెనకాల పనులు చూసే సైడ్‌కిక్ అనే ప్రోగ్రాం వాటిని వెనకాల ముక్కలు ముక్కలుగా నడుపుతుంది. పెద్ద టేబుల్ అయితే గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. ఆ తర్వాతి వెర్షన్‌లో ఒక మైగ్రేషన్ వచ్చి "ఆ పని పూర్తయిందా?" అని అడుగుతుంది. కాలేదంటే అక్కడే ఆగిపోతుంది.

14వ వెర్షన్ దీనికి మంచి ఉదాహరణ. అప్పటిదాకా చాలా టేబుళ్ళలో ఐడీ కాలమ్ నాలుగు బైట్ల ఇంటీజర్‌గా ఉండేది. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. పెద్ద సర్వర్లకు అది చాలకుండా పోయే రోజు వస్తుందని, కాలమ్‌లను ఎనిమిది బైట్లకు మార్చడం మొదలుపెట్టారు. 14.0లో పాత విలువలను కొత్త కాలమ్‌లోకి వెనకాల కాపీ చేయడం మొదలవుతుంది. 14.2లో ఆ కాపీ పూర్తయిందని చూసుకుని కాలమ్‌లను మార్చేస్తారు. ఇప్పుడు 13.12 నుంచి నేరుగా 14.3కు గెంతారనుకోండి. కాపీ మొదలుపెట్టే మైగ్రేషనూ, కాపీ పూర్తయిందా అని అడిగే మైగ్రేషనూ ఒకే వరుసలో కొన్ని నిమిషాల తేడాతో నడుస్తాయి. మధ్యలో సైడ్‌కిక్ లేవనే లేదు.

నాకు తెలిసిన ఒక చోట సరిగ్గా ఇదే జరిగింది. రాత్రి పదకొండు గంటలకు ఫోన్ వచ్చింది. పుష్ ఈవెంట్ల టేబుల్ పేరు చెప్పి, "ఈ బ్యాక్‌గ్రౌండ్ మైగ్రేషన్ ఫినిష్డ్‌లో ఉండాలి, యాక్టివ్‌లో ఉంది" అంటూ ఎర్రర్. అంతకు ముందున్న మైగ్రేషన్లన్నీ అప్పటికే డేటాబేస్‌లోకి ఎక్కేశాయి. అంటే డేటాబేస్ 13.12దీ కాదు, 14.3దీ కాదు. ఆ మైగ్రేషన్‌ను బలవంతంగా ముగించే రేక్ టాస్క్ (గిట్‌ల్యాబ్‌తో వచ్చే నిర్వహణ కమాండ్) ఒకటి ఉంది, ఎర్రర్ సందేశంలోనే దాని కమాండ్ ఇస్తారు. కానీ అప్పటికే ఆ అబ్బాయి మధ్యలో ఏవేవో నడిపి చూశాడు. అందుకని బ్యాకప్ తిరిగి పెట్టించి, 14.0కు వెళ్ళి, ఆ రాత్రికి అక్కడే ఆపమన్నాను. మర్నాడు మధ్యాహ్నానికి కాపీ పూర్తయింది. సాయంత్రం 14.3కు వెళితే ఏ గొడవా లేకుండా ఎక్కింది.

14లోనే తప్పనిసరిగా ఆగాల్సిన మజిలీలు 14.0, 14.3, 14.9, 14.10. తర్వాత 15.0, 15.4, 15.11. ఇలా ప్రతి పెద్ద వెర్షన్‌కూ ఒక జాబితా ఉంది. 17.5 నుంచి దీన్ని ఒక క్రమంలో పెట్టారు: ప్రతి పెద్ద వెర్షన్‌లోనూ 2, 5, 8, 11 దగ్గర ఆగాలి. ప్రతి మజిలీలోనూ ఆ వరుసలోని చివరి ప్యాచ్ (చిన్న సవరణల వెర్షన్) తీసుకోండి. తర్వాతి మజిలీకి కదిలే ముందు అడ్మిన్ పేజీలో మానిటరింగ్ కింద ఉండే బ్యాక్‌గ్రౌండ్ మైగ్రేషన్స్ చూడండి. క్యూలో ఒక్కటి మిగిలినా కదలొద్దు. ఫెయిల్డ్‌లో ఏదైనా ఉంటే అసలే కదలొద్దు.

అపోహ: రోజూ బ్యాకప్ అవుతోంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: 2017 జనవరి 31న ఏం జరిగిందో గిట్‌ల్యాబ్ వాళ్ళే దాచకుండా బయటపెట్టారు. రాత్రివేళ ఒక ఇంజినీర్ రెండో డేటాబేస్ సర్వర్‌లో తుడిచేయాల్సిన ఫోల్డర్‌ను పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశారు. దాదాపు 300 జీబీలో 4.5 జీబీ మిగిలేసరికి ఆపగలిగారు. బ్యాకప్ కోసం వెళితే అక్కడ ఏమీ లేదు. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6, డేటాబేస్ నకలు, అంటే డంప్, తీస్తున్న ప్రోగ్రాం 9.2. వెర్షన్ కుదరక డంప్ ప్రతిరోజూ విఫలమవుతోంది. విఫలమైందని చెప్పే మెయిళ్ళు స్పూఫింగ్‌ను (దొంగ పేరుతో మెయిల్ పంపడాన్ని) అడ్డుకునే తనిఖీ దగ్గర తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఉండబట్టి సర్వీసు తిరిగి లేచింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది.

సోర్స్ నుంచి పెట్టుకున్నవాళ్ళకు ఇది ఇంకా దగ్గరి ప్రమాదం. పోస్ట్‌గ్రెస్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు పాత వెర్షన్ ప్రోగ్రాములు కూడా మెషీన్‌లో ఉండిపోతాయి. గిట్ యూజర్ పాత్‌లో (ప్రోగ్రాముల కోసం వెతికే ఫోల్డర్ల జాబితాలో) ముందు ఏది కనబడితే దాన్నే బ్యాకప్ టాస్క్ పిలుస్తుంది. తనకంటే కొత్త సర్వర్ నుంచి డంప్ తీయడానికి పాత ప్రోగ్రాం ఒప్పుకోదు. కాబట్టి అప్‌గ్రేడ్ రోజు గిట్ యూజర్‌గా లాగిన్ అయ్యి పీజీ డంప్ వెర్షన్ అడగండి. తర్వాత బ్యాకప్ ఫైలు సైజు నిన్నటిదానితో పోల్చండి.

ఇంకొకటి, దీనికంటే ముఖ్యమైనది. ఆ బ్యాకప్ ఫైల్లో సీక్రెట్స్ డాట్ వైఎంఎల్ ఉండదు. కావాలనే పెట్టరు, ఎందుకంటే డేటాబేస్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి దాచిన వాటికి తాళంచెవి అదే. తాళం, చెవి ఒకే సంచిలో పెట్టకూడదు. అది పోతే రిపోజిటరీలన్నీ తిరిగొస్తాయి గానీ, రెండంచెల లాగిన్ పెట్టుకున్నవాళ్ళు లోపలికి రాలేరు, సీఐలో దాచిన వేరియబుల్స్ చదవడానికి వీలుండదు. ఆ ఫైలునూ, గిట్‌ల్యాబ్ డాట్ వైఎంఎల్‌నూ, మెషీన్ ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలనూ బ్యాకప్‌కు దూరంగా వేరే చోట భద్రపరచండి. కొత్త మెషీన్‌లో రీస్టోర్ చేసి చూసినప్పుడు గిట్‌ల్యాబ్ డాక్టర్ సీక్రెట్స్ అనే రేక్ టాస్క్ నడపండి. ఆ తాళంచెవితో ఏవి తెరుచుకుంటున్నాయో, ఏవి తెరుచుకోవడం లేదో లెక్క చెబుతుంది.

అపోహ: బాగా రాకపోతే పాత బ్రాంచ్‌కి వెనక్కి వెళ్ళిపోవచ్చు.

వాస్తవం: కోడ్ వెనక్కి వెళుతుంది, డేటాబేస్ వెళ్ళదు. కొత్త వెర్షన్ తీసేసిన కాలమ్ కోసం పాత కోడ్ వెతుక్కుంటుంది. వెనక్కి వెళ్ళడమంటే పాత కోడ్‌తో పాటు అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన బ్యాకప్‌ను తిరిగి పెట్టడమే. అది కూడా సరిగ్గా అదే వెర్షన్ మీద మాత్రమే ఎక్కుతుంది. 15.11.13లో తీసిన బ్యాకప్ 15.11.12 మీద ఎక్కదు. అందుకే ఉన్న వెర్షన్ నంబరు ప్యాచ్‌తో సహా ముందే రాసి పెట్టుకోవాలి.

అపోహ: పాత కాన్ఫిగ్ ఫైళ్ళు పనిచేస్తున్నాయి కదా, ముట్టుకోవద్దు.

వాస్తవం: మీ ఫైలు మారలేదు, దాన్ని చదివే ప్రోగ్రాం మారింది. పాత బ్రాంచ్‌లోని ఎగ్జాంపుల్ ఫైలుకీ, కొత్త బ్రాంచ్‌లోని ఎగ్జాంపుల్ ఫైలుకీ మధ్య గిట్ డిఫ్ తీయండి. ఆ తేడాలను మీ ఫైల్లోకి ఎక్కించండి. ఎంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌కూ, ఇనిట్ స్క్రిప్ట్‌కూ ఇదే పద్ధతి. 13.0లో యూనికార్న్ అనే వెబ్ సర్వర్ స్థానంలో ప్యూమా డిఫాల్ట్ అయింది, 14.0లో యూనికార్న్‌ను పూర్తిగా తీసేశారు. మధ్యలో తేడాలు చూసుకోనివాళ్ళకు 14.0లో వెబ్ సర్వర్ లేవలేదు. డేటాబేస్ కూడా అంతే: 12.1లో మైసీక్వల్‌కు సెలవిచ్చారు. 16.0కు పోస్ట్‌గ్రెస్ 13, 17.0కు 14, 18.0కు 16 తప్పనిసరి.

అపోహ: ఆపరేటింగ్ సిస్టం అప్‌గ్రేడ్ వేరే పని, గిట్‌ల్యాబ్‌కు దాంతో సంబంధం లేదు.

వాస్తవం: ఇది చాలామందికి తట్టని సంగతి. పోస్ట్‌గ్రెస్ అక్షరాల వరుస క్రమాన్ని మామూలుగా సిస్టంలోని జీలిబ్‌సీ అనే మూల లైబ్రరీ నుంచి తీసుకుంటుంది. 2018 ఆగస్టులో వచ్చిన జీలిబ్‌సీ 2.28 ఆ క్రమాన్ని మార్చింది. ఉబుంటు 18.04లో దానికి ముందుది ఉంది, 20.04లో తర్వాతది ఉంది. డెబియన్ 9 నుంచి 10కి మారినా ఇంతే. మీరే చూడొచ్చు: "1-1", "11" అనే రెండు లైన్లను అమెరికన్ ఇంగ్లిష్ లొకేల్‌తో సార్ట్ చేయండి. పాత సిస్టంలో 11 ముందొస్తుంది, కొత్తదాంట్లో 1-1 ముందొస్తుంది. మన ప్రాజెక్టుల పేర్లలో హైఫన్లే హైఫన్లు. పాత క్రమంలో కట్టిన ఇండెక్స్‌ను (త్వరగా వెతకడానికి డేటాబేస్ కట్టుకునే సూచికను) కొత్త క్రమంతో వెతికితే ఉన్న ప్రాజెక్టు లేనట్టు కనబడుతుంది. యూనిక్‌గా ఉండాల్సిన చోట అదే పేరు రెండోసారి దూరిపోతుంది. అలా దూరాక తర్వాతి గిట్‌ల్యాబ్ మైగ్రేషన్ యూనిక్ ఇండెక్స్ కట్టబోయి ఆగిపోతుంది, నింద గిట్‌ల్యాబ్ మీద పడుతుంది. ఆ డేటా ఫోల్డర్‌ను కొత్త సిస్టంలో అలాగే వాడబోతుంటే, సర్వీసు తెరవకముందే రీఇండెక్స్ చేయండి. డంప్ తీసి కొత్త మెషీన్‌లో ఎక్కిస్తే ఇండెక్స్‌లు కొత్తగానే కడతారు కాబట్టి ఈ చిక్కు ఉండదు.

అపోహ: నడుస్తున్నదాన్ని కదపకపోవడమే క్షేమం.

వాస్తవం: ఇలా అనేవాళ్ళ భయం నాకు అర్థమవుతుంది, నేనూ రెండేళ్ళు అలాగే కూర్చున్నాను. కానీ లెక్క చూడండి. సీవీఈ-2021-22205 (సీవీఈ అంటే బయటపడ్డ భద్రతా లోపానికి ఇచ్చే నంబరు) అనే లోపంతో లాగిన్ కూడా లేకుండా, ఒక బొమ్మ ఫైలు పంపి సర్వర్ మీద కమాండ్లు నడపొచ్చు. 11.9 నుంచి అన్ని వెర్షన్లలోనూ ఉంది. 2021 ఏప్రిల్ 14న 13.10.3, 13.9.6, 13.8.8 ప్యాచ్‌లలో సరిచేశారు. ఆ ఏడాది చివరి నెలల్లో కూడా ప్యాచ్ వేయని సర్వర్ల మీద దాడులు జరుగుతూనే ఉన్నాయి. 2024 జనవరిలో బయటపడిన సీవీఈ-2023-7028తో పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్‌ను దాడి చేసేవాడు తన అడ్రసుకే తెప్పించుకోవచ్చు. రెండంచెల లాగిన్ ఉన్న ఖాతాలు మాత్రం చేజారలేదు. మరి వాయిదా వేసినకొద్దీ, అలాంటి రోజు వచ్చినప్పుడు మీకూ ఆ ప్యాచ్‌కూ మధ్య ఉండే మజిలీలు పెరుగుతూ పోతాయి. ఒక్కో మజిలీకి బ్యాక్‌గ్రౌండ్ పనులు ముగిసేదాకా ఆగాలి. సర్వర్ మీద దాడి జరుగుతున్నప్పుడు అంత సమయం దొరకదు.

మేము ఇప్పుడు నెలకొకసారి, శనివారం పొద్దున అప్‌గ్రేడ్ చేస్తున్నాం. గిట్‌ల్యాబ్ కొత్త వెర్షన్ ఒకప్పుడు ప్రతి నెలా 22న వచ్చేది, 2023 నవంబర్ నుంచి మూడో గురువారం వస్తోంది. మేము అది వచ్చిన వెంటనే దూకం, రెండు వారాలు ఆగి ఒకటో రెండో ప్యాచ్‌లు పడ్డాక తీసుకుంటాం. భద్రతా ప్యాచ్ అయితే అదే రోజు. మొత్తం పనిలో ఎక్కువసేపు పట్టేది అసెట్స్ కంపైల్ (వెబ్ పేజీల స్క్రిప్టులూ స్టైళ్ళూ తయారుచేయడం). దానికి నోడ్‌కు 4 జీబీ మెమరీ వదలమని ముందే చెప్పాలి, లేకపోతే సగంలో చచ్చిపోతుంది. అది నడుస్తుండగా టీ తాగి వస్తాను. మైగ్రేషన్ నడుస్తున్నప్పుడు మాత్రం కుర్చీలోంచి లేవను.