ఇన్సులిన్ సంకేతం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

అపోహ: టైప్-2 మధుమేహం అంటే ఒంట్లో ఇన్సులిన్ లేకపోవడమే.

వాస్తవం: తొలి దశలో చాలామంది రక్తంలో ఇన్సులిన్ మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. కండర కణం మీద ఉండి హార్మోన్ కబురును అందుకునే రిసెప్టర్‌కు ఇన్సులిన్ అతుక్కోగానే ఐఆర్‌ఎస్, పీఐ3 కైనేజ్, ఏకేటీ అనే ప్రోటీన్లు వరుసగా ఉత్తేజితమవుతాయి. ఆ కబురు అందాక, కణం లోపలి చిన్న చిన్న సంచుల్లో ఉన్న గ్లూట్4 ప్రోటీన్లు నిమిషాల్లో కణపొర మీదికి చేరి గ్లూకోజును లోపలికి పంపుతాయి. ఈ వరుస మందగించినప్పుడు ఆ లోటు పూడ్చడానికి క్లోమం అదనంగా ఇన్సులిన్ స్రవిస్తుంది. ఇన్సులిన్ తయారుచేసే క్లోమంలోని బీటా కణాలు ఇక నెట్టుకురాలేని స్థితికి వచ్చినప్పుడే చక్కెర పెరగడం బయటపడుతుంది.

  

అపోహ: ఇన్సులిన్ నిరోధకత (కణాలు ఇన్సులిన్‌కు సరిగా స్పందించకపోవడం) వస్తే ఇన్సులిన్ చేసే పనులన్నీ ఆగిపోతాయి.

వాస్తవం: అన్నీ ఆగిపోతే ఈ జబ్బు తీరు వేరుగా ఉండేది. కాలేయంలో ఇన్సులిన్ కబురు అందుకున్న ఏకేటీ, ఫాక్సో1 అనే మరో ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలించి దాన్ని కేంద్రకం నుంచి వెళ్లగొడుతుంది. దానితో కొత్తగా గ్లూకోజు తయారుచేసే జన్యువుల జోరు తగ్గుతుంది. నిరోధకతలో ఈ శాఖ బలహీనపడినా, ఎస్‌ఆర్‌ఈబీపీ-1సి అనే ప్రోటీన్ ద్వారా కొవ్వు తయారుచేయించే శాఖ మాత్రం పెరిగిన ఇన్సులిన్‌కు లోబడి పనిచేస్తూనే ఉంటుంది. ఫలితంగా అదే కాలేయం అక్కర్లేని గ్లూకోజునూ, అక్కర్లేని కొవ్వునూ ఏకకాలంలో తయారుచేస్తుంది. ఈ శాఖలు ఎందుకిలా విడిపోతాయన్న దానిపై పరిశోధకులలో ఇంకా ఏకాభిప్రాయం లేదు. అయితే రక్తంలో పెరిగిన చక్కెర, ట్రైగ్లిజరైడ్లు (ఒక రకం కొవ్వులు), ఫ్యాటీ లివర్ తరచూ కలిసి కనబడటానికి ఇదొక ముఖ్య కారణం కనుక, వీటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు జబ్బులుగా చూడటం నా దృష్టిలో పెద్ద పొరపాటు.

అపోహ: ఇన్సులిన్‌కు స్పందన తగ్గితే కండరంలోకి గ్లూకోజు వెళ్లే దారే ఉండదు.

వాస్తవం: ఉంటుంది. కండరం సంకోచించినప్పుడు పెరిగే కాల్షియం, శక్తి తరిగినప్పుడు మేలుకొనే ఏఎంపీకే అనే ఎంజైమ్ వంటి సంకేతాలు, ఇన్సులిన్ రిసెప్టర్‌తో నిమిత్తం లేకుండానే గ్లూట్4ను పొర మీదికి రప్పిస్తాయి. టైప్-2 మధుమేహం ఉన్నవారిలోనూ ఈ దారి చాలావరకు చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా వ్యాయామం తర్వాత ఒకటి రెండు రోజుల పాటు కండరం ఇన్సులిన్‌కు మెరుగ్గా స్పందిస్తుంది. అందుకే ఇన్సులిన్ గానీ, క్లోమం చేత ఎక్కువ ఇన్సులిన్ స్రవింపజేసే సల్ఫోనైల్‌యూరియా మందులు గానీ వాడేవారు వ్యాయామం పెంచేటప్పుడు, చక్కెర మరీ పడిపోకుండా ముందుగానే వైద్యులతో మాట్లాడి మోతాదు సరిచూసుకోవాలి.