ఎదిగే దేశాలు స్వేచ్ఛా వాణిజ్యాన్ని ఎందుకు కోరుతాయి? అపోహలు - వాస్తవాలు

అపోహ: మార్కెట్లను తెరిచి ఉంచడం వల్లనే అగ్రరాజ్యాలు ఎదిగాయి.

వాస్తవం: వాణిజ్య చరిత్ర బోధించే నాకు ఈ క్రమం ఎక్కువగా తలకిందులుగానే కనిపిస్తుంది. భారతదేశపు అద్దకం బట్టల దిగుమతిని 1700లో నిషేధించి, 1721లో నూలు బట్టల వాడకాన్ని సైతం చాలావరకు అడ్డుకున్న బ్రిటన్, తన మిల్లులకు సాటి లేదని తేలిన తరువాతే, 1846లో ధాన్యం దిగుమతులపై సుంకాల చట్టాలను రద్దు చేసింది. తిండిగింజలు చౌకగా వస్తే కూలి పెంచవలసిన ఒత్తిడి తగ్గుతుందని, ధాన్యం అమ్మిన దేశాలు ఆ సొమ్ముతో తమ బట్టలే కొంటాయని మాంచెస్టర్ మిల్లు యజమానులు లెక్క వేశారు. ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట పోయి వచ్చిన కరువు ఆ వాదనకు బలం చేకూర్చింది. అమెరికా కూడా అంతర్యుద్ధం తరువాత దశాబ్దాల పాటు భారీ సుంకాల చాటున పరిశ్రమలను పెంచుకొని, 1930లో వాటిని మరింత పెంచి, 1934 నుంచి పరస్పర తగ్గింపుల వైపు మళ్లి, చివరకు 1947లో సుంకాలను తగ్గించుకోవడానికి 23 దేశాలు సంతకం చేసిన గాట్ ఒప్పందానికి సారథ్యం వహించింది.

అపోహ: అలాగైతే ఇదంతా వట్టి కపటం.

వాస్తవం: విద్యార్థులు ఇష్టంగా అనే ఈ మాటను నేను సగమే ఒప్పుకుంటాను. పరిశ్రమ పసిదశలో ఉన్నప్పుడు రక్షణ కోరేవారి మాట చెల్లుతుంది. ఉత్పత్తి దేశీయ గిరాకీని మించిపోయాక ఎగుమతిదారులు, దిగుమతి ముడిసరుకుపై ఆధారపడిన కర్మాగారాలు బలపడి ప్రభుత్వాన్ని తమ వైపు తిప్పుకుంటాయి. 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరిన చైనా, 2009లో జర్మనీని దాటి సరుకుల ఎగుమతుల్లో మొదటి స్థానానికి చేరింది కనుక, 2017 జనవరిలో దావోస్‌లోని ప్రపంచ ఆర్థిక వేదిక సదస్సులో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్ ప్రపంచీకరణను సమర్థించడం ఆ ప్రయోజనాలకు అనుగుణమైనదే. అయితే అప్పటికి చైనాలో కార్లు తయారు చేసే సంయుక్త సంస్థల్లో విదేశీ భాగస్వామి వాటా 50 శాతం దాటకూడదన్న నిబంధన అమలులోనే ఉంది. కపటమనే వాదనలో నేను ఒప్పుకునే సగం ఇదే.

అపోహ: ఒకసారి స్వేచ్ఛా వాణిజ్య పక్షం చేరిన దేశం దానిని విడవదు.

వాస్తవం: మాంద్యం కాలంలో, 1932లో, బ్రిటన్ దిగుమతులపై సాధారణ సుంకాన్ని తిరిగి తెచ్చింది. దేశాల వాణిజ్య వివాదాలపై అప్పీళ్లను విచారించే ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీళ్ల మండలిలో సభ్యుల నియామకాలను అమెరికా అడ్డుకుంటూ రావడంతో, 2019 డిసెంబరు నుంచి ఆ మండలి కొత్త అప్పీళ్లను విచారించలేకపోతోంది.