తొమ్మిదో నెల దాకా ఆగకండి: మెటర్నిటీ ఫోటోలపై అపోహలు, వాస్తవాలు

"అక్కా, తొమ్మిదో నెల పడింది. ఈ ఆదివారం గండికోటలో ఫోటోలు తీస్తారా?"

కడపలో కడుపుతో ఉన్నవాళ్ల ఫోటోలు (మెటర్నిటీ ఫోటోలు) తీస్తుంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఇలాగే ఉంటాయి. అడిగేవాళ్లను తప్పు పట్టలేను. పొట్ట ఎంత పెద్దగా ఉంటే ఫోటో అంత బాగుంటుందని వాళ్లకు ఎవరో చెప్పి ఉంటారు. ఆ మాట పట్టుకుని ఆగినవాళ్లలో కొందరికి చివరికి ఒక్క ఫోటో కూడా మిగల్లేదు. అందుకే ముందు దీని గురించే చెప్తాను.

అపోహ: మెటర్నిటీ షూట్‌కు తొమ్మిదో నెలే మంచిది

28 నుంచి 34 వారాల మధ్య తీయించుకోండి. మన లెక్కలో అది ఏడో నెల సగం నుంచి ఎనిమిదో నెల ముగిసేలోపు. కవలలైతే ఇంకా ముందే పెట్టుకోవాలి. అప్పటికి పొట్ట గుండ్రంగా, స్పష్టంగా కనబడుతుంది. కాబోయే తల్లి ఇంకా హాయిగా కూర్చుని లేవగలదు, నాలుగు మెట్లు ఎక్కగలదు, రాత్రిళ్లు కొంచెమైనా నిద్ర పడుతుంది. తొమ్మిదో నెలలో ఫోటోకు కొత్తగా వచ్చే అందమేమీ లేదు. బిడ్డ తల కిందికి దిగితే పొట్ట కూడా జారినట్టు కనబడుతుంది. కాళ్ల వాపు, నడుము నొప్పి, మాటిమాటికీ బాత్రూమ్‌కు పోవడం, నిద్ర లేకపోవడం మాత్రం పెరుగుతాయి. ఆ అలసటంతా కళ్లలో తెలిసిపోతుంది. ఎడిటింగ్‌లో చర్మం నున్నగా చేయగలను కానీ కళ్లలోని అలసటను తీయలేను.

వారాల లెక్కలో ఒక చిక్కుంది. డాక్టర్ రాసే వారాలు చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతాయి. ఇంట్లో జేజి (నానమ్మ) వేలు మడిచి లెక్కపెట్టే నెలలు వేరు. "ఇంకా ఎనిమిదే కదా" అని వచ్చినవాళ్ల కార్డు చూస్తే 36 వారాలు ఉంటుంది. అందుకే నేను ఎన్నో నెల అని అడగడం మానేశాను. డ్యూ డేట్, అంటే డాక్టర్ చెప్పిన కానుపు తేదీ, చెప్పమంటాను. దానికి 12 వారాల ముందు మీ సమయం మొదలవుతుంది, ఆరు వారాల ముందు ముగుస్తుంది. క్యాలెండర్‌లో ఈ రెండు తేదీలు ఇప్పుడే గీసి పెట్టుకోండి.

ఇక శ్రీమంతం. మన వైపు ఐదు, ఏడు, తొమ్మిది లాంటి బేసి నెలల్లో చేస్తారు. ఏడులో ముహూర్తం కుదరకపోతే తొమ్మిదికి పోతుంది, ఫోటోలూ దాని వెంటే పోతాయి. మధ్యలో ఎనిమిదో నెల వచ్చిందంటే గడప దాటనివ్వరు. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డ నిలవదన్న పాత మాట ఒకటి దీని వెనక ఉంది. ఏడులో పుట్టిన బిడ్డ కంటే ఎనిమిదిలో పుట్టిన బిడ్డకే ఎదుగుదల ఎక్కువ ఉంటుందని ఏ డాక్టరైనా చెప్తారు. అయినా పెద్దవాళ్లతో నేను వాదన పెట్టుకోను. వాళ్ల భయం ప్రేమలోంచి వచ్చిందే. మీరు గడప దాటొద్దు, నేనే మీ ఇంటికి వస్తానంటాను. కిటికీ పక్కన ఒక గంట, పొద్దు వాలేటప్పుడు మిద్దె మీద అరగంట చాలు. మిద్దె మీద నుంచి పాలకొండలు కనబడే ఇల్లయితే వేరే లొకేషనే అక్కర్లేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది కువైట్ టికెట్. రాజంపేట, రాయచోటి వైపు ఎన్నో ఇళ్లలో భర్త అక్కడే ఉంటాడు. కానుపుకు సెలవు పెట్టుకుని వస్తాడు. "ఆయన వచ్చాక ఇద్దరం కలిసి తీయించుకుంటాం అక్కా" అంటారు. రాజంపేట దగ్గరి పల్లెలో ఒక అమ్మాయి అలాగే ఆగింది. చీర కొని పెట్టుకుంది, నచ్చిన ఫోటోలన్నీ ఫోన్‌లో దాచుకుని నాకు పంపేది. అతని టికెట్ 37వ వారానికి. నొప్పులు అంతకంటే ముందే వచ్చాయి. అతను విమానం దిగి నేరుగా ఆసుపత్రికే పోయాడు. తల్లీ బిడ్డా క్షేమం, అంతకంటే కావాల్సింది లేదు. కానీ నేను బిడ్డను చూడ్డానికి వెళ్తే ఆ అమ్మాయి, "కడుపుతో ఉన్నప్పటిది ఒక్కటి కూడా లేదు కదా అక్కా" అని ఏడ్చింది.

అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లకు నా మాట ఇది. భర్త కోసం ఆగకండి. అమ్మతో, అత్తతో, జేజితో తీయించుకోండి. అతను ఉండాలనిపిస్తే శుక్రవారం పెట్టుకుందాం. అక్కడ ఆ రోజు సెలవు, వాళ్ల గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మన సాయంత్రం ఐదున్నరకు అక్కడ మూడు గంటలు. వీడియో కాల్‌లో అతనితో మాట్లాడుతూ ఉంటే నేను పక్క నుంచి తీస్తాను. మీ అసలైన నవ్వు ఆ ఫోటోల్లోనే ఉంటుంది. పాత ఫోటోలోంచి భర్తను కత్తిరించి పక్కన అతికించమని మాత్రం అడగొద్దు, నేను చేయను. రేపు బిడ్డ పెద్దయి "నాయన అప్పుడు ఇక్కడే ఉన్నాడా?" అని అడిగితే అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

అపోహ: ఫ్లాష్ పడితే కడుపులో బిడ్డకు హాని

ఈ పుకారు ఎవరు పుట్టిస్తారో కానీ ప్రతి ఊళ్లోనూ వింటాను. ఫ్లాష్ అంటే ఒక్క క్షణం వెలిగే మామూలు వెలుతురు. అది ఎక్స్‌రే కాదు, ఒంట్లోంచి దూసుకుపోదు. అసలు మీరు చేయించుకునే స్కానింగ్‌లో వాడేది కూడా ఎక్స్‌రే కాదు, శబ్ద తరంగాలు. ఈ భయంతో శ్రీమంతం రోజు కూడా ఫోటో దిగకుండా పక్కకు జరిగిన అమ్మాయిలను చూశాను. మీకు మనసు ఒప్పకపోతే ఫ్లాష్ లేకుండానే తీస్తాను, కిటికీ వెలుతురు ఎలాగూ మెత్తగా, బాగుంటుంది. కానీ భయపడి మానుకోకండి.

అపోహ: వాపు వస్తే మేకప్‌తో కవర్ చేయొచ్చు

సాయంత్రానికి పాదాలు కొంచెం వాచడం చాలామందికి ఉంటుంది. కాళ్లు ఎత్తు మీద పెట్టుకుని కూర్చోమంటాను, లేదా షూట్ పొద్దున్నే పెట్టుకుంటాం. కానీ ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచినా, తలనొప్పి వదలకపోయినా, కళ్లు మసకబారినా అది మేకప్ పని కాదు. బీపీ పెరిగిందనడానికి అవి గుర్తులు కావచ్చు. ఒకసారి ప్రొద్దుటూరులో ఒక ఇంటికి వెళ్తే, ఆమె ఉంగరం వేలికి బిగుసుకుపోయి ఉంది. రెండు రోజులుగా తలనొప్పి అంది. ఇంట్లోవాళ్లు ముఖం సన్నగా కనబడేలా తీయమంటున్నారు. నేను కెమెరా బయటికి తీయలేదు. ముందు బీపీ చూపించండి, తర్వాత ఫోటోలు అన్నాను. అటు నుంచి అటే ఆమెను అడ్మిట్ చేసుకున్నారు. నేను డాక్టర్‌ని కాదు, నాకు వైద్యం తెలియదు. కానీ ఆ గుర్తులు కనబడితే షూట్ ఆపేస్తాను, అడ్వాన్స్ గురించి మీరు ఆలోచించనక్కర్లేదు.

అపోహ: గండికోటలో తీస్తేనే ఫోటో

గండికోట దగ్గరి పెన్నా లోయ అందం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదు. నాకూ ప్రాణమే. కానీ లోయ అంచుకు పోవాలంటే బండల మీద ఎక్కి దిగాలి. గర్భంతో శరీరం తూకం మారుతుంది, కాలు జారితే పట్టుకోవడం కష్టం. కడప నుంచి దాదాపు ఎనభై కిలోమీటర్లు కార్లో కూర్చోవాలి. ఎండాకాలమైతే పొద్దుగూకినా బండలు సెగలు కక్కుతూనే ఉంటాయి. ఏడాది బిడ్డతో కుటుంబమంతా తర్వాత రండి, నవంబరు, డిసెంబరుల్లో హాయిగా తీస్తాను. కడుపుతో ఉన్నప్పుడు మాత్రం ఇల్లు, లేదా ఇంటి దగ్గరి తోట చాలు. మేలో ఆరున్నర దాకా పొద్దు ఉంటుంది, డిసెంబరు మొదట్లో ఐదూ ముప్పావుకల్లా గూకుతుంది. దానికి గంట ముందు మొదలుపెడితే మంచి వెలుతురు దొరుకుతుంది.

వెల్లకిలా పడుకుని ఇచ్చే పోజులు నెట్‌లో చూసి అడుగుతారు. పొట్ట పెరిగాక అలా ఎక్కువసేపు పడుకుంటే బరువంతా పెద్ద రక్తనాళం మీద పడి కళ్లు తిరగొచ్చు. ఎడమ పక్కకు తిరిగి పడుకోండి, ఫోటో కూడా అలాగే బాగుంటుంది.

బట్టల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. బరువైన పట్టుచీర మడతల్లో పొట్ట కనబడదు, మెత్తగా ఒంటికి అంటుకునే నేత చీర కట్టుకోండి. గౌను అద్దెకు తేవడం మీ ఇష్టం, అవసరం మాత్రం లేదు. బిగుతు ఎలాస్టిక్ ఉన్నవి గంట ముందే మార్చుకోండి, చర్మం మీద గీతలు పోవడానికి టైమ్ పడుతుంది. ముందు రోజు కొత్త ఫేషియల్ వద్దు. ఖాళీ కడుపుతో అసలే రావద్దు. మజ్జిగ సీసా పక్కనే పెట్టుకోండి.

పెద్ద పిల్లలుంటే వాళ్ల నిద్ర టైమ్ చూసి షూట్ పెట్టుకోవాలి. "నవ్వు, నవ్వు" అని ముగ్గురు కలిసి అరిస్తే ఏ బిడ్డా నవ్వదు. అమ్మ కడుపు మీద చెవి పెట్టి వినమంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా.

చివరిగా దిష్టి. దీన్ని నేను తేలిగ్గా తీసిపారేయను. ఒకసారి గర్భం నిలవక, మళ్లీ కడుపుతో ఉన్న అమ్మాయి ఫోటో బయటికి పోతుందేమోనని భయపడితే ఆ భయం నాకు అర్థమవుతుంది. మీరు చెప్తే తప్ప మీ ఫోటోలు నా పేజీలో పెట్టను. ఆల్బమ్ బారసాల అయ్యాకే ఇవ్వమన్నా సరే, అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది. బుకింగ్ రోజే ఆ మాట చెప్పండి.